గంగాదేవి మన కోట రాణి కాదు: అపోహలు - వాస్తవాలు

ఉత్తరాంధ్రలోని విజయనగరంలో తాళపత్ర గ్రంథాలు శుభ్రం చేసి బాగుచేసే పని నాది. ‘మధురా విజయం’ అనే సంస్కృత కావ్యం రాసిన గంగాదేవి పేరెత్తగానే ఇక్కడ చాలామంది ‘మన కోటలో రాణిగారే కదా’ అంటారు.

అపోహ: ఆవిడ మన విజయనగరం రాణి.
కాదు. ఆవిడది తుంగభద్ర ఒడ్డున, హంపి దగ్గరి విజయనగరం. మొదటి బుక్కరాయల కొడుకు కుమార కంపన భార్య, 14వ శతాబ్దపు మనిషి. మన కోట కట్టడం మొదలైంది 1713లో.

అపోహ: ఆస్థాన పండితులు రాసి రాణి పేరు పెట్టారు.
ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. ‘మధురా విజయం’లో సర్గ (అధ్యాయం) చివరి గద్య గంగాదేవి రచించిందనే చెబుతుంది. మొదట్లో వాల్మీకిని, కాళిదాసును, బాణుణ్ణి తలుచుకుని, తన గురువు విశ్వనాథుణ్ణి కొలిచింది. అదే వరుసలో మన తిక్కననూ నిలబెట్టింది. చకోరాలు వెన్నెల తాగినట్టు కవులు ఆయన సూక్తుల్ని దాహంగా తాగుతారట. సంస్కృత కావ్యంలో తెలుగు కవికి ఇంత పెద్దపీట వేసిందంటే ఆమె తెలుగు బాగా చదువుకున్నదేనని నా నమ్మకం.

అపోహ: అది భర్త గెలుపును పొగిడే యుద్ధకావ్యం, అంతే.
యుద్ధం ఉంది. కంపన మదురై సుల్తానును ఓడించిన కథే అది. కానీ నన్ను పట్టేసింది ఎనిమిదో సర్గ. పాడుబడ్డ గుళ్ల గురించి ఒక స్త్రీ కంపనతో చెప్పుకుంటుంది: పురుగు తొలిచిన తలుపులు, మండపాల అతుకుల్లో మొలిచిన గరిక, సడలిపోయిన గర్భగుళ్లు, మృదంగం మోగిన చోట నక్కల కూతలు. గుడి పాడైందని ఎవరైనా రాస్తారు. అతుకులో గరికను పట్టుకోవాలంటే వేరే కన్ను ఉండాలి. వేరు సందులోకి దిగితే వాననీళ్లు దాని వెంటే దిగుతాయి, కొన్నాళ్లకు రాయి కదులుతుంది. పాత కట్టడాల దగ్గర పనిచేసేవాళ్లకు ఇది రోజూ కనిపించేదే. ఆరు వందల ఏళ్ల కిందటి పద్యంలో అది చదివినప్పుడు ఒళ్లు జలదరించింది.

అపోహ: గొప్ప పుస్తకమైతే దానంతట అదే నిలుస్తుంది.
తాటాకు తేమకు, పురుగుకు తట్టుకోలేదు. ఎవరో ఒకరు తిరగరాస్తేనే పుస్తకం బతుకుతుంది. మధురా విజయం 1916లో తిరువనంతపురంలో ఒకరి సొంత గ్రంథాలయంలో దొరికింది. అదీ సంబంధం లేని రెండు రచనల మధ్య, ఒకే కట్టలో! 1924లో అచ్చయింది. కొన్ని పద్యాలు అప్పటికే పోయాయి.

అపోహ: పాడైన ఆకుల్ని నదిలో కలపాలి.
‘చంపావతిలో వదిలేద్దామనుకున్నాం బాబూ’ అని చెప్పిన పెద్దమ్మలు నాకు తెలుసు. దయచేసి వద్దు. కొబ్బరినూనె పూయకండి, తడిగుడ్డ పెట్టకండి, అంటుకున్న ఆకుల్ని గోటితో విడదీయకండి. పొడి నూలుగుడ్డలో చుట్టి, పని తెలిసినవాళ్లకు చూపించండి. పై ఆకు మీద రామాయణం అని ఉన్నా, అట్టడుగు దాకా ప్రతి ఆకూ చూడమనండి.