బండకెక్కిన కవరు

చిరంజీవులు అమ్ములుకు, చిన్నాకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్న బండ చూసి తిరిగి వస్తుంటే చిన్నా ఒక ప్రశ్న అడిగాడు. పాటలీపుత్రంలో కూర్చున్న అశోకుడి మాట ఇక్కడి పల్లెల్లో వాళ్లకు ఎలా తెలిసిందని. "శాసనం చెక్కించాడు కదా" అని మీ నాన్న తేల్చేశాడు. చెక్కిస్తే సరిపోతుందా? ఆ భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో పత్తికొండ వైపు గొర్రెలు కాసుకునే మనిషి బండ దగ్గర ఆగి అదంతా చదువుకున్నాడంటే నేను నమ్మను.

జవాబు ఆ బండ మీదే ఉంది. రజ్జుకుడు అనే అధికారికి ఆజ్ఞ ఇవ్వాలి, అతను భేరి మోగించి జనపదాల వారికి చెప్పాలి అని అందులో రాసి ఉంది. అంటే చాటింపే! నా చిన్నప్పుడు మా ఊళ్లో డప్పు మోగగానే అన్నం ముందు నుంచి లేచి వీధిలోకి పరుగెత్తేవాళ్లం. రజ్జుకుడు మాత్రం చిన్నవాడు కాడు, లక్షల మంది మీద అధికారి. కళింగలోనైతే తిష్య నక్షత్రం రోజున, అంటే మన పుష్యమినాడు, శాసనం చదివి వినిపించాలన్నాడు. వినేవాడు ఒక్కడే ఉన్నా సరే చదవచ్చట.

కింది నుంచి పైకి కబురు వెళ్లడానికీ ఏర్పాటు ఉంది. భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, తోటలో ఉన్నా ప్రజల సంగతులు తనకు వెంటనే చెప్పాలని వార్తాహరులను ఆదేశించాడు. అధికారులు 5 ఏళ్లకోసారి పర్యటనకు బయలుదేరాలి. ఉజ్జయిని, తక్షశిల నుంచి 3 ఏళ్లు దాటకుండా పంపాలి.

నాకు అన్నిటికన్నా నచ్చింది కర్ణాటకలోని బ్రహ్మగిరి శాసనం. సువర్ణగిరిలోని రాజకుమారుడు, మహామాత్రులు అనే పెద్ద అధికారులు కలిసి ఇసిల అనే ఊరి మహామాత్రులకు పంపిన ఉత్తర్వు అది. మొదట్లోనే వాళ్ల క్షేమం అడిగారు. ఆ పలకరింపు అధికారుల కోసం, ప్రజల కోసం కాదు. అయినా చెక్కినవాళ్లు దాన్ని కూడా బండకెక్కించారు! ఆర్ఎంఎస్‌లో 30 ఏళ్లు రాత్రి రైళ్లలో ఉత్తరాలు వేరు చేసినవాణ్ణి, నాకు నవ్వాగలేదు. గోడ మీద నోటీసుతో పాటు అది వచ్చిన కవరునూ అతికించినట్టుంది. కానీ ఆ కవరు వల్లే మనకు తెలిసింది, మాట రాజు నుంచి నేరుగా రాలేదని, మధ్యలో సువర్ణగిరిలో ఆగి వచ్చిందని. అది మన ఎర్రగుడి పక్కనున్న జొన్నగిరే అని కొందరు పండితుల మాట.

ఇన్ని చేతులు మారితే పొరపాట్లు రావా? అశోకుడికీ తెలుసు. శాసనాల్లో లోపాలుంటే కొన్ని రాతగాడి తప్పు వల్ల కావచ్చని 14వ శిలాశాసనంలో ఒప్పుకున్నాడు. ఎర్రగుడిలో మీరు వేలితో చూపించిన ఆ వింత వరుసలు గుర్తున్నాయా? ఒకటి ఎడమ నుంచి కుడికి, తర్వాతది కుడి నుంచి ఎడమకు, చాలు చివర ఎద్దులు మలుపు తిరిగినట్టు.

బ్రహ్మగిరి రాతగాడు తన పేరు కూడా చెప్పుకున్నాడు: చపడ. అంతా బ్రాహ్మిలో రాసి, చివర 'లిపికరేణ' అన్న ఒక్క మాటను ఖరోష్ఠిలో పెట్టాడు. అది గాంధారం వైపు లిపి, కుడి నుంచి ఎడమకు రాస్తారు. ఇక్కడ దాన్ని చదవగలిగినవాడు ఒక్కడైనా ఉన్నాడో లేదో. గొప్ప చూపించుకున్నాడా, ఊరి మీద బెంగపడ్డాడా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. అమ్ములూ, నీకేమనిపిస్తోందో రాయి.

మీ తాతయ్య