తిరుగు టికెట్ ఉన్నా తిరిగి వెళ్లని పిల్లలు

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ఒక ఇల్లు అనుకుందాం. పొద్దున్న ఏడున్నరకు యూనిఫాం వేసుకున్న ఆరేళ్ల పాప ఫోన్ ముందు కూర్చుంటే, వెనక నుంచి అమ్మమ్మ జడ వేస్తూ ఉంటుంది. అవతల షికాగోలో అప్పటికి ముందు రోజు రాత్రి తొమ్మిది గంటలు. తెర మీద తండ్రి. బీరువాలో పాప అమెరికా పాస్‌పోర్టు, విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు, వాటి మధ్య తేదీ దాటిపోయిన తిరుగు టికెట్ ప్రింటవుట్ ఉన్నాయి. అమ్మమ్మ లెక్కలో ఆ పాప పుట్టింటికి వచ్చిన కూతురి బిడ్డ. తండ్రి అక్కడి కోర్టులో వేసిన పిటిషన్‌లో మాత్రం ఆమె అపహరణకు గురైన బాలిక. ఒకే పాపకు ఈ రెండు పేర్లు ఎలా వచ్చాయో తెలియాలంటే నలభై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

1970ల నాటికి పాశ్చాత్య దేశాల్లో విడాకులు పెరిగాయి, విమాన ప్రయాణం సులువైంది. కస్టడీ దక్కదని తెలిసిన తల్లో తండ్రో బిడ్డను వేరే దేశానికి తీసుకుపోయి, అక్కడి కోర్టులో తమకు అనుకూలమైన ఉత్తర్వు తెచ్చుకోవడం మొదలైంది. దీన్ని అడ్డుకోవడానికే 1980 అక్టోబర్ 25న హేగ్‌లో ఒక ఒప్పందం కుదిరి, 1983 డిసెంబర్ 1న అమల్లోకి వచ్చింది. బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్న ప్రశ్న జోలికి ఈ ఒప్పందం పోదు. ఆ సంగతి ఏ దేశపు కోర్టు తేల్చాలన్నదే దాని పట్టింపు. పదహారేళ్ల లోపు బిడ్డను తీసుకుపోయిన ఏడాదిలోగా దరఖాస్తు పడితే, అలవాటుగా నివసించే దేశానికి వెనక్కి పంపాలన్నది దాని మూలసూత్రం. ఆరు వారాల్లో నిర్ణయం రాకపోతే ఆలస్యానికి కారణం అడగవచ్చు. వెనక్కి పంపితే బిడ్డకు తీవ్రమైన హాని కలిగే ప్రమాదం ఉందని రుజువైతే పంపడానికి నిరాకరించే వీలుంది గానీ, ఆ మినహాయింపు తలుపును కావాలనే సన్నగా తెరిచి ఉంచారు.

ఒప్పందం రాసినవాళ్ల మనసులో మెదిలింది ప్రధానంగా బిడ్డను ఎత్తుకుపోయే తండ్రి. ఆచరణలో బొమ్మ తిరగబడింది. 2015 నాటి దరఖాస్తులపై జరిగిన సర్వేలో, బిడ్డను తీసుకుపోయినవారిలో నూటికి 73 మంది తల్లులేనని, వారిలో ఎక్కువమంది ఆ బిడ్డను పెంచుతున్నవాళ్లేనని తేలింది. భారతదేశం ఇప్పటికీ ఈ ఒప్పందంలో చేరకపోవడానికి ఈ తిరకాసే ముఖ్య కారణం.

చేరకపోయినా కేసులు ఆగలేదు. మైనర్ల సంరక్షకులను నిర్ణయించే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, బిడ్డ సంక్షేమమే పరమావధి అని చెప్పే 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం, ఈ రెండే చేతిలో పెట్టుకుని సుప్రీంకోర్టు దారి వెతుక్కుంది. 1984లో, ఇంగ్లండ్ నుంచి తండ్రి తెచ్చేసిన బాలుడి కేసులో, ఆ కుటుంబ జీవితంతో అత్యంత సన్నిహిత సంబంధం ఉన్న దేశపు కోర్టుకే అధికారమని తేల్చి, బిడ్డను తల్లికి అప్పగించింది. 1986లో అమెరికా నుంచి వచ్చిన కేసులోనూ తండ్రి తెచ్చిన బిడ్డను తల్లితో వెనక్కి పంపింది. 1997లో గాలి మళ్లింది. తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు, విదేశీ ఉత్తర్వు పరిశీలించదగ్గ అంశాల్లో ఒకటి మాత్రమేనని, ఒప్పందంలో లేని దేశంలో కోర్టు క్లుప్తంగా విచారించాలా లోతుగా విచారించాలా అన్నది పరిస్థితిని బట్టి ఉంటుందని చెప్పింది. ఆ కేసులో బాలుడు అప్పటికి పన్నెండేళ్లకు పైగా ఇక్కడే పెరిగాడు; అలాంటివాడిని ఏ కోర్టయినా విమానం ఎక్కించడానికి వెనకాడుతుంది. 2015లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ముందుగా ఉత్తర్వు ఇచ్చిన విదేశీ కోర్టుకే పెద్దపీట వేయగా, 2017 జులైలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చి, సంక్షేమాన్నే మళ్లీ ముందుకు తెచ్చింది. ఆ తర్వాత కూడా పిల్లలను తిప్పి పంపిన తీర్పులు ఉన్నాయి. అంటే సూత్రం ఒకటే, ఫలితాలు మాత్రం రెండు రకాలు.

ఒప్పందంలో చేరాలని లా కమిషన్ 2009లోనే సిఫార్సు చేసింది. 2016లో మరో నివేదికతో పాటు ముసాయిదా బిల్లు వచ్చింది. 2018లో జస్టిస్ రాజేష్ బిందాల్ కమిటీ, ఇలాంటి వివాదాల కోసమే ప్రత్యేక ప్రాధికార సంస్థను ఏర్పాటు చేసే బిల్లును ప్రతిపాదించింది. ఏదీ చట్టం కాలేదు. అమెరికాలో పనిచేసేవారి భార్యాబిడ్డలకు ఇచ్చే హెచ్-4 వీసా మీద వెళ్లి, భర్త జీతం మీద, భర్త వీసా మీద ఆధారపడి, దెబ్బలు తిని తప్పించుకొచ్చిన ఆడపిల్లను బిడ్డతో సహా అదే ఊరికి పంపేస్తారన్న భయం ప్రభుత్వ వర్గాల్లో గట్టిగా వినిపించింది. ఆ భయం నిజమైనదేనని ఈ రచయిత అభిప్రాయం. అయితే భార్యను ఇక్కడ దింపి, ఆమె పాస్‌పోర్టు పట్టుకుని తిరిగి విమానం ఎక్కేసిన భర్తలూ ఉన్నారు. సొంత చట్టం లేని ఈ ఖాళీలో ఆమెకు దొరికే సాయం తక్కువ. ఇంతలో అమెరికా విదేశాంగ శాఖ, పిల్లల అపహరణపై ఆ దేశం చేసుకున్న 2014 నాటి చట్టం కింద ఏటా వెలువరించే నివేదికల్లో భారత్‌ను సహకరించని దేశంగా పలుమార్లు పేర్కొంది.

విశాఖ దాకా వచ్చేసరికి ఈ చరిత్రంతా రెండు పిటిషన్లుగా మారుతుంది. తల్లి ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో వకీళ్లు జీడబ్ల్యూఓపీ అని పిలిచే కస్టడీ పిటిషన్ వేస్తుంది. తండ్రి అమరావతిలోని హైకోర్టులో బిడ్డను కోర్టు ముందు హాజరుపరచమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ వేస్తాడు. అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాలూ అనుసరించే చట్టం ప్రకారం, బిడ్డ వరసగా ఆరు నెలలు నివసించిన చోటే సొంత రాష్ట్రం. బిడ్డ వెళ్లిపోయినా తల్లిదండ్రుల్లో ఒకరు అక్కడే ఉంటే మరో ఆరు నెలల పాటు ఆ కోర్టు అధికారం నిలుస్తుంది. అందుకే అక్కడి లాయరు తండ్రిని తొందరపెడతాడు. ఇక్కడ 1890 చట్టం తొమ్మిదో సెక్షన్, మైనర్ సాధారణంగా ఎక్కడ నివసిస్తే అక్కడి కోర్టుకే విచారణాధికారం అంటుంది. ఆ 'సాధారణంగా' అన్న మాటకు చట్టంలో నెలల లెక్క లేదు. ఆరేళ్లు షికాగోలో, ఎనిమిది నెలలు సీతమ్మధారలో గడిపిన పాప సాధారణ నివాసం ఏదో వాదించుకునే ఆ కొన్ని వాయిదాలే పాపను మెల్లగా విశాఖ పిల్లను చేస్తాయి. తల్లి తరఫు వకీలు ముందుగా అడిగి తీసుకునే కాగితాల్లో ఈ ఏటి స్కూల్ ఫీజు రసీదు ఉండేది ఇందుకే.