బ్లాక్‌చైన్ సోషల్ మీడియా ఎవరి సొత్తు? అపోహలు - వాస్తవాలు

బ్లాక్‌చైన్ అంటే ఎన్నో కంప్యూటర్లలో ఒకేలా నిల్వ ఉండే రికార్డుల గొలుసు. దాని మీద నడిచే సోషల్ మీడియా హైవ్‌లో కొత్తవారికి ఖాతాలు తెరిపించడం, సమూహాలు నిర్వహించడం నా పని. అక్కడ తరచూ వినే మాటలకు నా జవాబులివి.

అపోహ: బ్లాక్‌చైన్ మీద ఉన్నదాన్ని ఎవరూ కొనలేరు.

వాస్తవం: హైవ్‌కు ముందున్న అలాంటి వేదిక స్టీమ్ చరిత్ర చూడండి. 2016లో దాన్ని మొదలుపెట్టిన స్టీమిట్ సంస్థ తొలిరోజుల్లోనే మైనింగ్ చేసి, అంటే కంప్యూటర్లతో కొత్త డిజిటల్ నాణేలు పుట్టించి, భారీగా ఆ టోకెన్లు పోగేసుకుంది. వాటిని అభివృద్ధికే వాడతారని సభ్యులు నమ్మారు. 2020 ఫిబ్రవరిలో ట్రాన్ అనే మరో బ్లాక్‌చైన్ వ్యవస్థాపకుడు జస్టిన్ సన్ ఆ సంస్థను కొన్నారు. సభ్యుల ఓట్లతో ఎన్నికై గొలుసులో కొత్త రికార్డులు రాసే విట్నెస్‌లు కంగారుపడి ఆ టోకెన్లను స్తంభింపజేశారు. మార్చి 2న బైనాన్స్, హువోబి, పోలోనియెక్స్ ఎక్స్ఛేంజీలు (టోకెన్ల క్రయవిక్రయాలు జరిపే సంస్థలు) సన్ పక్షాన తమ ఖాతాదారులు దాచుకున్న టోకెన్లతో ఓటేసి, మొదటి 20 స్థానాల్లోని విట్నెస్‌లను దించేశాయి. ఒక్కో ఖాతా 30 మందికి తన టోకెన్ల పూర్తి బలంతో ఓటు వేయవచ్చు కనుక, తగినంత వాటా ఉన్నవారు పాలకవర్గం మొత్తాన్నీ నింపగలరు. అసలు లోపం అక్కడే ఉంది. హైవ్‌లో ఆ పద్ధతి పోలేదు గానీ, ఓటు బలం కోసం ఖాతాలో కొత్తగా కట్టిపెట్టిన టోకెన్లకు విట్నెస్ ఓటు హక్కు 30 రోజుల తర్వాతే వస్తుంది.

అపోహ: టోకెన్లు ఎవరివైతే సమాజం వారిది.

వాస్తవం: 2020 మార్చి 20న సభ్యులు కోడ్, ఖాతాలు, పాత రాతలు నకలు చేసుకుని హైవ్‌ను ప్రారంభించారు. స్టీమిట్ సంస్థకు మాత్రం కొత్త గొలుసులో దాని నిల్వ ఇవ్వలేదు. కోడ్‌ను ఎవరైనా నకలు చేయగలరు. ఒకరి రాత ఒకరు చదివి, సరిదిద్ది, కొత్తవారిని నిలబెట్టే అలవాటు మాత్రం మనుషులతోనే నడిచి వచ్చింది. అయితే సన్ వర్గం విట్నెస్‌లకు ఓటేసిన కొందరికి కూడా అప్పుడు కొత్త టోకెన్లు ఇవ్వలేదు. ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అపోహ: తాళం (ఖాతాను తెరిచే రహస్య కీ) నా దగ్గరుంటే ఆస్తి నాదే.

వాస్తవం: విట్నెస్‌లలో అధికులు ఒప్పుకున్నంత వరకే. 2020 మే 20న స్టీమ్‌లో హార్డ్ ఫోర్క్ (గొలుసు నియమాలనే మార్చే కోడ్ మార్పు) చేసి 64 ఖాతాల నుంచి సుమారు 2.36 కోట్ల టోకెన్లు లాగేసుకున్నారు. వాటి యజమానుల తాళాలు వారి దగ్గరే ఉన్నాయి!

అపోహ: నా పోస్టులన్నీ గొలుసులో భద్రం.

వాస్తవం: అక్షరాలు భద్రమే. పోస్టును తర్వాత దిద్దినా పాత ప్రతి చరిత్రలో మిగులుతుంది కనుక, ఇంటి విషయాలు రాసేముందు ఆలోచించండి. ఫోటోలు గొలుసులో ఉండవు, వేరే సర్వర్లలో ఉంటాయి. అసలు ప్రతులు మీ దగ్గర ఉంచుకోండి. రోజూ పోస్టులు రాయడానికి మాత్రమే పనికొచ్చే పోస్టింగ్ తాళంతోనే లాగిన్ అవ్వండి. ఖాతా మొత్తాన్నీ శాసించే ఓనర్ తాళాన్ని కాగితం మీద రాసి దాచండి.