అరవై దాటాక ఫుట్‌బాల్, పరుగు లేకుండా

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా నాన్నకు 68 ఏళ్లు. రోజూ పొద్దున్నే రోడ్డు మీద నడుస్తారు. అయినా రెండుసార్లు పడ్డారు. ఎందుకని?"

ముందు బీపీ, కంటిచూపు, వేసుకునే మందులు డాక్టర్‌కు చూపించండి. నడక గుండెకు, షుగర్‌కు మంచిదే. కానీ పెద్దవాళ్లు ఎక్కువగా తడబడేది తిన్నటి రోడ్డు మీద కాదు. ఎవరో పిలిస్తే గిర్రున తిరిగినప్పుడు, బిందెతో గడప దాటుతున్నప్పుడు, మేకపిల్ల కాళ్లకు అడ్డం వచ్చినప్పుడు. కాళ్ల పని, బుర్ర పని ఒకేసారి మీద పడినప్పుడు.

1997లో స్వీడన్ పరిశోధకులు దీన్ని చాలా తేలిగ్గా పట్టుకున్నారు. వృద్ధులతో కలిసి నడుస్తూ మాట కలిపారు. మాట్లాడటానికి నడక ఆపేసినవాళ్లే తర్వాతి ఆరు నెలల్లో ఎక్కువగా పడ్డారు. వయసు మీదపడితే అరికాళ్లు, కీళ్లు మెదడుకు పంపే కబురు మందగిస్తుంది, లోపలి చెవి తూకం తగ్గుతుంది. ఆ లోటును మెదడు శ్రద్ధ పెట్టి పూడుస్తుంది. శ్రద్ధ మాటల మీదికి పోతే కాలు తడబడుతుంది. మన ఊళ్లలో దీన్ని గాలి సోకిందని తాయెత్తు కడతారు. కావాల్సింది సాధన.

ఆ సాధనకు వాకింగ్ ఫుట్‌బాల్ భలే సరిపోతుంది. 2011లో ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్‌లో యాభై దాటినవాళ్ల కోసం మొదలైంది. ఒక పాదం ఎప్పుడూ నేల మీదే ఉండాలి, పరుగెత్తితే ఫౌల్. పరుగులో రెండు కాళ్లూ గాల్లోకి లేస్తాయి. దిగేటప్పుడు కాలి మీద ఒంటి బరువుకు రెండు మూడింతల భారం పడుతుంది. నడకలో అది సుమారు ఒకటింబావు మాత్రమే.

బతుకమ్మ ఆడే అవ్వను గమనించండి. అడుగు వేస్తుంది, నడుం వంచుతుంది, చప్పట్లు కొడుతుంది, ఉయ్యాలో అందుకుంటుంది, ముందున్నామె మడమ తొక్కకుండా చూసుకుంటుంది. ఈ ఆటలోనూ అంతే. బంతి చూడాలి, తోటివాణ్ని పిలవాలి, ఒంటికాలి మీద నిలబడి పాస్ ఇవ్వాలి. ఆ క్షణంలో తుంటి పక్క కండ నడుం ఒరగకుండా పట్టి ఉంచుతుంది. బతుకమ్మ లయ ముందే తెలుసు, బంతి ఎటొస్తుందో తెలియదు. అందుకే వేగంగా స్పందించే కండ పోగులకు కూడా పని పడుతుంది. వయసుతో ముందు సన్నబడేవి అవే, కాలు తట్టుకున్నప్పుడు రెండో కాలును చప్పున ముందుకు వేసేవీ అవే. అయితే బతుకమ్మ ఏడాదికి తొమ్మిది రోజులే. 65 దాటినవాళ్లకు తూకం పెంచే వ్యాయామం వారానికి కనీసం మూడు రోజులు ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో వెన్ను, కీళ్లు బిగుసుకున్నవాళ్లు మాత్రం డాక్టర్ సరేనంటేనే దిగాలి. ఫ్లోరైడ్ ఎముక చూడ్డానికి గట్టిగా ఉన్నా పెళుసు.

పాలమూరులో పిల్లలు బతుకుదెరువుకు ముంబై, హైదరాబాద్ పోతే ఇళ్లలో మిగిలేది ముసలివాళ్లే. ఒంటరి వాకింగ్ మానేస్తే అడిగేవారుండరు. ఈ ఆటలో ఒకరు తగ్గితే జట్టు కుదరదు, ఎవరో ఒకరు ఇంటికొచ్చి పిలుస్తారు. ఆడవాళ్లు కూడా ఆడాలని నా కోరిక. ఊరి బడి గ్రౌండ్, ఒక బంతి, గోల్‌కు నాలుగు ఇటుకలు చాలు. ఎండాకాలంలో మాత్రం ఎనిమిదింటికల్లా ఆపేయాలి.