అపోహలు - వాస్తవాలు: త్వరగా కట్టిన ఇల్లు గట్టిదేనా?

కొత్త ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు ముందుగా చేసే పని, గోడను వేలి కణుపుతో తట్టి చూడటం. ప్రీకాస్ట్ భవనాలు, అంటే గోడల్నీ స్లాబుల్నీ యార్డులో ముందే పోసి, సైటుకు తెచ్చి బిగించే భవనాలు కట్టే ఇంజినీరుగా నాకు ఆ చప్పుడు బాగా అలవాటు. వాళ్లు చూడాల్సింది గోడను కాదు, రెండు గోడలు కలిసే చోటును.

అపోహ: తొందరగా లేచిందంటే ఎక్కడో కక్కుర్తి పడ్డారు.

వాస్తవం: మామూలు పద్ధతిలో పునాది, పిల్లర్లు, స్లాబు, సెంట్రింగ్ విప్పేదాకా ఎదురుచూపు, ఆ తర్వాత ఇటుక పని. అన్నీ ఒకదాని వెనక ఒకటి. ప్రీకాస్ట్‌లో పునాది తవ్వుతుండగానే పై అంతస్తుల గోడలు యార్డులో తయారవుతుంటాయి. తగ్గేది ఎదురుచూపు, కాంక్రీటు నాణ్యత కాదు. కొత్త నిర్మాణ పద్ధతులతో ఇళ్లు కట్టి చూపే లైట్ హౌస్ పథకం కింద, చెన్నై పెరుంబాక్కంలో కేంద్రం చేపట్టిన ప్రీకాస్ట్ ప్రాజెక్టుకు 2021 జనవరి 1న శంకుస్థాపన జరిగింది. 1,152 ఇళ్లూ 2022 మే 26న ప్రారంభమయ్యాయి. మధ్యలో కరోనా రెండో ఉద్ధృతి కూడా వచ్చిపోయింది. రాజ్‌కోట్‌లో ఇదే పథకం కింద టనెల్ ఫారం అనే అచ్చులు వాడారు. అందులో గోడలూ స్లాబూ ఒకే పోతలో వస్తాయి.

అపోహ: ముక్కలు అతికించిన భవనం భూకంపం వస్తే పేకమేడే.

దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. 1968 మే 16న లండన్‌లోని రోనన్ పాయింట్ భవనంలో, 18వ అంతస్తులో గ్యాస్ పేలి ఒక మూల మొత్తం కుప్పకూలింది. ప్రీకాస్ట్ పలకలను ఒకదానితో ఒకటి బిగించే ఏర్పాటు చాలలేదు. 1988 డిసెంబరు 7న ఆర్మేనియాలో భూకంపం వచ్చినప్పుడు, లెనినాకన్‌లో ప్రీకాస్ట్ పిల్లర్లు, బీములతో కట్టిన తొమ్మిది అంతస్తుల భవనాలు పదుల సంఖ్యలో కూలాయి. అదే ఊళ్లో ప్రీకాస్ట్ గోడ పలకలతో కట్టినవి నిలబడ్డాయి. రెండూ యార్డులో పోసినవే! తేడా అంతా అతుకుల్లో, గోడలు ఊపును పంచుకున్న తీరులో ఉంది.

అందుకే సైటులో నా పోట్లాటంతా గ్రౌట్ దగ్గరే, అంటే అతుకుల్లో నింపే జారుడు సిమెంటు మిశ్రమం దగ్గరే. పలక నుంచి బయటికొచ్చిన చువ్వ పై పలకలోని గొట్టంలోకి దిగాక, కింది రంధ్రం నుంచి గ్రౌట్ ఎక్కిస్తాం. పై రంధ్రంలోంచి అది ధారగా బయటికొచ్చేదాకా ఆపకూడదు. ముందే ఆపితే లోపల డొల్ల మిగులుతుంది, పైకి గోడ నున్నగానే కనిపిస్తుంది. సాయంత్రం పని ముగించే తొందరలో జరిగే తప్పు ఇదే.

అపోహ: ఇటుక ఇల్లయితే భయం లేదు.

వాస్తవం: 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో కూలిన అపార్టుమెంట్లలో చాలావాటికి పైన ఇటుక గోడలు, కింద పార్కింగ్ కోసం ఉత్త పిల్లర్లు ఉన్నాయి. ఊపంతా ఆ పిల్లర్ల మీదే పడింది.

అపోహ: కొత్త పద్ధతి ఎప్పుడూ చవక.

వాస్తవం: కాదు. ఒకే నమూనా ఇళ్లు వందల్లో ఉంటేనే అచ్చుల ఖర్చు గిట్టుతుంది.

అపోహ: ఇల్లు మనదే కదా, తర్వాత గోడ తీసి హాలు పెద్దది చేసుకోవచ్చు.

వాస్తవం: వద్దు. ఇక్కడ గోడే పిల్లరు. పటానికి మేకు కావాలంటే డ్రిల్లు వాడుకోండి, ఇబ్బంది లేదు. ఏసీ గొట్టానికి రంధ్రం పెట్టాలన్నా ముందు నక్షా తెప్పించి, చువ్వలు ఎక్కడున్నాయో చూసుకోండి.