స్టీల్ గేర్లు వేస్తే డిఫ్ ఇక పోదా? అపోహలు - వాస్తవాలు

ఈ వారంలోనే ముగ్గురు అడిగారు: "అన్నా, డిఫ్ పళ్ళు రాలిపోయాయి, స్టీల్ సెట్ వేసెయ్." డిఫ్ అంటే డిఫరెన్షియల్, మోటార్ బలాన్ని ఎడమ కుడి చక్రాలకు పంచే గేర్ల అమరిక. శ్రీకాకుళంలో ఆర్‌సీ బండ్లు, అంటే రిమోట్‌తో నడిచే చిన్న కార్లు, బాగుచేస్తున్నప్పటి నుంచి చూస్తున్నాను, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటున్నది ఈ ఒక్క మాట నమ్మే.

అపోహ: స్టీల్ వేస్తే డిఫ్ ఇక పోదు.

వాస్తవం: క్రౌన్‌కీ (డిఫ్‌కి బిగించిన పెద్ద గేరు) పినియన్‌కీ (దాన్ని తిప్పే చిన్న గేరు) మధ్య సందు సరిగ్గా లేకపోతే స్టీలైనా పోతుంది. పళ్ళు పూర్తిగా లోపలికి కూర్చోవాలి. కొసలు మాత్రమే తగులుతుంటే లోడంతా ఆ కొసల మీదే. బేరింగ్ అరిగినా, గేర్లుండే ప్లాస్టిక్ పెట్టె (హౌసింగ్) వంగినా సందు పెరుగుతుంది.

పోయిన దసరాకి ఆమదాలవలస నుంచి ఓ ఇంటర్ కుర్రాడు వచ్చాడు. గుడ్డసంచిలో బండి, అగ్గిపెట్టెలో రాలిన పళ్ళు. రెండు నెలల్లో అది రెండో స్టీల్ సెట్. "నాన్నకి ఇంకా చెప్పలేదన్నా" అన్నాడు, గొంతు వణుకుతోంది. టెన్షన్ పడొద్దని కూర్చోబెట్టి హౌసింగ్ విప్పాను. పినియన్ షాఫ్ట్‌ని వేళ్ళతో ఊపితే టకటకా ఆడుతోంది. బేరింగ్ తిప్పితే నాగావళి ఇసుక కరకరమంది. తప్పు వాడిదీ కాదు, గేర్లదీ కాదు.

బేరింగ్‌లు మార్చి, బండితో వచ్చే రకం మామూలు గేర్ల జతే కొత్తది వేశాను. క్రౌన్ పళ్ళు ఎటు చూస్తున్నాయో దానికి వెనకవైపు, డిఫ్‌కీ బేరింగ్‌కీ మధ్య 0.2 మి.మీ. షిమ్ (సన్నటి వాషర్) పెట్టాను. చేత్తో తిప్పితే ఒకచోట పట్టేసింది. తీసి 0.1 పెట్టాక చుట్టంతా సాఫీగా తిరిగింది. పినియన్ కదలకుండా పట్టుకుని క్రౌన్‌ని ఊపితే వెంట్రుకవాసి ఆట ఉండాలి, అంతే. ఆ బండి ఇప్పటికీ తిరుగుతోంది.

3ఎస్ లైపో (మూడు సెల్లుల లిథియం బ్యాటరీ), బ్రష్‌లెస్ మోటార్ లాంటి ఎక్కువ పవర్ ఉన్నవి పెట్టారా? అప్పుడు స్టీల్ మంచిదే. కానీ క్రౌన్, పినియన్ రెండూ జతగా మార్చండి. అరిగిన పినియన్ కొత్త క్రౌన్‌ని తినేస్తుంది.

చిక్కటి ఆయిల్ పోస్తే డిఫ్ పళ్ళకి బలం వస్తుందనడం ఉత్త పుకారు. చిక్కదనం 5,000 ఉన్న ఆయిల్ తీసి 20,000ది పోసినా పళ్ళకు బలం రాదు, ఎడమ కుడి చక్రాలు వేర్వేరు వేగంతో తిరిగే తీరు మారుతుందంతే. డిఫ్ లోపల సిలికాన్ ఆయిల్, బయట క్రౌన్ పళ్ళకి గ్రీజు. థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా రాసే జిగురు) లోహంలోకి బిగించే స్క్రూకే.

ఇంకొకటి, జంప్ కొట్టినప్పుడు గాల్లో థ్రాటిల్ వదలండి. ఫుల్‌గా తిరుగుతున్న చక్రం నేల తాకగానే ఒక్కసారిగా నెమ్మదిస్తుంది, ఆ దెబ్బ నేరుగా డిఫ్‌కే తగులుతుంది.

కళింగపట్నం బీచ్‌లో తిప్పినవాళ్ళు మాత్రం ఆ రాత్రే బేరింగ్‌లు విప్పి, మంచినీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టి, ఒక్కో చుక్క నూనె వెయ్యండి. మర్నాడు చూద్దాంలే అనుకుంటే ఉప్పుకి తుప్పు పట్టేస్తుంది.