నూటికి రెండు గుండ్లు: బాంబర్లపై ఫైటర్ల గురిని లెక్కగట్టిన తీరు

రెండో ప్రపంచ యుద్ధపు గగనతల పోరాటాల గురించి చదివేవారికి ఒక అంకె తరచూ ఎదురవుతుంది. సగటు నైపుణ్యం గల ఫైటర్ పైలట్ బాంబర్‌పై పేల్చిన గుండ్లలో తగిలేవి సుమారు 2 శాతమేనని జర్మన్ వైమానిక దళం గన్ కెమెరా (కాల్పులు జరుపుతున్నప్పుడు దృశ్యాన్ని చిత్రీకరించే, విమానంలో అమర్చిన కెమెరా) ఫిల్ములను పరిశీలించి తేల్చింది. ఈ అంకెను పైలట్ల నైపుణ్యానికి కొలమానంగా ఉటంకించడం పరిపాటి అయింది గాని, అది ఏ అవసరం కోసం పుట్టిందో గమనిస్తే, అలా వాడటం సరికాదనే అనిపిస్తుంది.

లెక్కలు యుద్ధానికి ముందే మొదలయ్యాయి. బాంబర్ల వేగం పెరిగిపోతున్నందున శత్రువును గురిలో నిలుపుకొనే వ్యవధి రెండు సెకన్లకు మించదని, ఆ కాస్త సమయంలోనే దెబ్బతీయాలంటే ఎనిమిది మెషిన్ గన్లు అవసరమని 1934లో బ్రిటిష్ వైమానిక మంత్రిత్వ శాఖలో స్క్వాడ్రన్ లీడర్ రాల్ఫ్ సోర్లీ వంటివారు వాదించారు. ఒక్కో గన్ను నిమిషానికి 1000 తూటాలు పేలిస్తే ఎనిమిదింటి నుంచి రెండు సెకన్లకు 266 తూటాలు వెళతాయి. ఈ వాదనకు ఆధారమైన గణితాన్ని అదే శాఖకు చెందిన కెప్టెన్ ఫ్రెడ్ హిల్ సిద్ధం చేయగా, పదమూడేళ్ల ఆయన కుమార్తె హేజెల్ ఇంట్లో కూర్చుని ఆ లెక్కల్లో సాయపడింది.

1940 నాటి బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్‌లో గన్నుకు 300 చొప్పున 2400 తూటాలు ఉండేవి; అవన్నీ పదిహేను సెకన్లలో అయిపోయేవి. గురి తప్పడానికి ప్రధాన కారణం చేయి వణకడం కాదు, లక్ష్యం కదలడం. గంటకు 400 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా వెళ్లే హైంకెల్ 111పై 230 మీటర్ల నుంచి కాలిస్తే, తూటా అక్కడికి చేరే సెకనులో మూడో వంతు కాలంలోనే బాంబర్ 35 మీటర్లకు పైగా, అంటే తన పొడవుకు రెట్టింపు దూరం, ముందుకు సాగిపోతుంది. మొదట తూటాలు 400 గజాల దూరంలో కలిసేలా సరిచేసిన గన్లను అనుభవజ్ఞులైన పైలట్లు 250 గజాలకు మార్పించుకున్నది, పేరొందిన బ్రిటిష్ వైమానిక దళ పైలట్ ‘సెయిలర్’ మలాన్ దగ్గరికి వెళ్లాకే కాల్చమని పట్టుబట్టింది ఇందుకే.

మరి తగిలినవాటిని లెక్కించేదెలా? శిక్షణలో అది సులువు. మరో విమానం లాగుతూ వెళ్లే గుడ్డ లక్ష్యంపై రంగు పూసిన తూటాలు కాలిస్తే, రంధ్రాల అంచున అంటిన రంగును బట్టి ఎవరి తూటాలెన్నో తెలిసేది. అయితే ఆ గుడ్డ ఎదురు కాల్పులు జరపదు. యుద్ధంలోనేమో పైలట్ల మాటే ఆధారం, ఆ మాట ఎంత నమ్మదగిందో 1940 సెప్టెంబర్ 15 చూపింది. ఆ రోజు బ్రిటిష్ వారు 185 విమానాలను కూల్చినట్లు ప్రకటించగా, యుద్ధానంతరం జర్మన్ రికార్డుల్లో తేలిన నష్టం సుమారు 60. ఒక విమానాన్ని కూల్చడానికి ఎన్ని తూటాలు పట్టాయో ఆ రోజు ప్రకటన ఆధారంగా లెక్కిస్తే, పైలట్ల సామర్థ్యం ఉన్నదానికి మూడింతలై కనిపించేది.

1942 నుంచి అమెరికన్ నాలుగింజన్ల బాంబర్లు రంగంలోకి దిగాక జర్మన్లకు కావలసింది ప్రశంసాపత్రం కాదు, ఆయుధాల అంచనా. కూలిన బి-17, బి-24 శకలాలను పరీక్షించి, వెనుక నుంచి దాడి చేస్తే ఒక్కో బాంబర్‌కు సగటున ఇరవై 20 మిల్లీమీటర్ల గుండ్లు తగలాలని లెక్కగట్టారు. నూటికి రెండే తగులుతాయి కనుక వెయ్యి గుండ్లు పేల్చాలి. తొలినాటి జర్మన్ ఫైటర్ ఫోక్-వుల్ఫ్ 190 మోసుకెళ్లేది అందులో సగం. ఎదురుగా దాడి చేస్తే నాలుగైదు గుండ్లే చాలు. జర్మన్ ఫైటర్ దళ నాయకుడు ఎగాన్ మేయర్ బృందం 1942 నవంబర్‌లో ఆ పద్ధతినే చేపట్టింది గాని, రెండు విమానాలూ ఎదురెదురుగా దూసుకొస్తుంటే కాల్చడానికి దొరికేవి ఒకటి రెండు క్షణాలే.

ఈ సగటులో రెండు వైపులా వడపోత ఉంది. ఫిల్ము తిరిగి వచ్చిన ఫైటర్ల నుంచే దొరుకుతుంది. శకలాలు కూలిన బాంబర్లవే తప్ప, అన్నేసి గుండ్లు తిని కూడా ఇంగ్లండు చేరుకున్నవి కావు. పైగా సగటు పైలట్ అనేవాడు గణాంకాల్లోనే ఉంటాడు. విజయాల్లో పెద్ద వాటా కొద్దిమందిదే కాగా, 1944 నాటి కొత్తవారికి తగిన శిక్షణే లేదు.

అయినా ఆయుధ రూపకల్పనకు ఆ సగటు చాలు. గురిని పెంచలేనప్పుడు దెబ్బనే పెంచుదామన్నది జర్మన్ల సమాధానం: 30 మిల్లీమీటర్ల ఎంకే 108 ఫిరంగి గుండ్లు సగటున మూడు తగిలితే చాలని అంచనా. కాని దాని గుండు సెకనుకు సుమారు 500 మీటర్ల వేగంతోనే బయలుదేరేది కాబట్టి మరీ దగ్గరికి వెళ్లక తప్పలేదు. కవచం తొడిగిన ఫోక్-వుల్ఫ్‌లు బాంబర్ల వెనక్కి చేరి కాల్చిన 1944 నాటి దాడులు ఆ పరిమితి ఫలితమే.

బ్రిటిష్ వారు గురి వైపు మొగ్గారు. లక్ష్యపు రెక్కల వెడల్పును, దూరాన్ని పైలట్ అమరిస్తే ఎంత ముందుకు గురిపెట్టాలో తానే చూపే గైరో గన్‌సైట్ 1944లో విస్తృతంగా వాడుకలోకి వచ్చి, పోరాటాల్లో కూల్చివేతల నిష్పత్తిని దాదాపు రెట్టింపు చేసింది. అయితే అది ఎన్ని పోరాటాలకు ఎన్ని విమానాలు కూలాయన్న లెక్క. ప్రత్యర్థులూ ఎక్కువగా ఫైటర్లే. జర్మన్ల 2 శాతాన్ని దాని పక్కన పెట్టి ఏ దేశపు పైలట్లు మెరుగో తేల్చడానికి వీల్లేదు.